ముంగికి మూల నేర్పిన ఏడాది

పెళ్లయి వరంగల్లు వచ్చిన కొత్తలో అత్తగారిల్లు అంటే నాకు ఒక మగ్గం, దాని చుట్టూ మిగిలిన కాస్త జాగా అన్నట్టే ఉండేది. నేలలో గుంట తవ్వి, ఆ గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చుని నేసే మగ్గం. వంటింట్లోకి పోవాలన్నా, పెరట్లోకి పోవాలన్నా దాన్ని చుట్టుకునే పోవాలి. మా నెక్కొండ దిక్కు ఇళ్లలో ధాన్యం బస్తాలు ఎట్లా ఉంటాయో ఇక్కడ నూలు అట్లా ఉండేది. దూలాల నుంచి కట్టలు కట్టిన నూలు చిలపలు వేలాడేవి. మంచాల కింద కండెల గంపలు. అప్పుడప్పుడు అన్నంలో కూడా ఒక దారప్పోగు వచ్చేది. మా ఆయన దాన్ని తీసి పళ్లెం అంచుకు పెట్టి, ఏమీ జరగనట్టు తినేవాడు.

ఇంట్లో మేం నలుగురం: మామ, అత్త, మా ఆయన, నేను. నేసేది నేల మీద పరిచే జంపఖానాలు. నేను వచ్చేనాటికే మామ మగ్గం దిగిపోయాడు. కళ్లలో పొర కమ్మింది. దవాఖానలో చూపిస్తే ఆలస్యమైందన్నారట. వెలుతురూ నీడా తెలిసేవి, రంగులు తెలిసేవి కావు. ఒకరోజు ఎర్ర పట్టీ రావలసిన చోట నల్ల పట్టీ నేసి, మా ఆయన చెబితే వేళ్లతో తడిమి చూసుకుని, పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టి లేచాడట. ఆ తరవాత మళ్లీ ఆ గుంటలోకి కాలు దించలేదు. స్తంభానికి ఆనుకుని రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే కండెలు చుట్టేవాడు. ఆ పనికి కళ్లతో అవసరం లేదు. దారం తెగితే వేలికే తెలుస్తుంది.

మా ఇంటి పెద్ద బాధ ఎలుకలు. పడుగుకు పెట్టిన గంజి వాసనకు వచ్చి దారాలు కొరికేవి. ఒక పిల్లిని తెస్తే అది ఎలుకల జోలికి పోకుండా నూలు గంపలో పడుకుని నిద్రపోయేది.

ఆ సంవత్సరం మామ, అత్త వాడకట్టువాళ్లతో కలిసి మేడారం జాతరకు పోయారు. తిరిగొచ్చిన రోజు అత్త గడపలోనే నిలబడి నాతో అంది:

"జాతరకు వోయినోళ్లంత బంగారం తెస్తరు. మీ మామ ఏం తెచ్చిండో సూడు పిల్లా."

బంగారం అంటే అమ్మవార్లకు పెట్టే బెల్లం. నేను చేయి చాపాను. మామ భుజం మీది కండువా మడతలోంచి ఒక చిన్న మూతి బయటికి వచ్చింది. ముంగిస పిల్ల. మొత్తం కలిపి నాడె అంత ఉంది. అడవి తొవ్వలో ఎవరో పిల్లగాండ్లు దాన్ని తాడుతో కట్టి ఆడిస్తుంటే అడిగి తెచ్చాడట.

"ఎలుకలకు మంచిది," అన్నాడు మామ.

"అవ్, మంచిది. కండ్లు గానరాని ఆయన, కండ్లు తెరవని పిల్ల. జోడు కుదిరింది," అంది అత్త. అంటూనే లోపలికి పోయి పాలు వెచ్చబెట్టింది.

మేం దానికి పేరు పెట్టలేదు. ముంగి అనేవాళ్లం. మామ మాత్రం 'కొడుకా' అని పిలిచేవాడు. మొదటి వారాలు అది ఆయన అంగీ లోపలే బతికింది. నూలుపోగు పాలలో ముంచి నోట్లో పెడితే చప్పరించేది. ఆయన రాట్నం తిప్పుతుంటే బొడ్డు దగ్గర ముడుచుకుని పడుకునేది. రాట్నం ఆగితే లేచేది. నాకు అప్పటికి ఆ ఇంట్లో మాట కలవలేదు. మామకూ నాకూ మధ్య మొదట మాట కలిపింది ఆ జంతువే. "జర జూడు బిడ్డా, వీని ముక్కు తడిగుందా, ఎండిందా?" అని అడిగేవాడు. నేను చూసి చెప్పేదాన్ని.

పెరిగి నడవడం మొదలుపెట్టినప్పటి నుంచి గోల మొదలైంది. ముంగికి ఇల్లంతా ఒకటే. మంచం కింద, రుబ్బురోలు వెనక, బియ్యం కుండ పక్కన, ఎక్కడ మూల కనబడితే అక్కడ వెనక్కి వెనక్కి నడిచి, గోడకు తోక ఆనించి పని కానిచ్చేది. ముంగి పెంట వాసన ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఎరగనివాళ్లకు చెప్పలేను. ఒకరోజు పొద్దున్నే మా ఆయన మగ్గం గుంటలోకి కాళ్లు దించి, అంతే వేగంగా పైకి ఎత్తాడు.

"బాపూ! నీ కొడుకు నా కాళ్లకు పసుపు రాసిండే!"

అత్త దాని మెడ పట్టుకుని ముక్కు ఆ పెంటకు ఆనించి, వీపు మీద రెండు వేసింది. అది జారిపోయి గుంటలో అడుగున దూరింది. ఆ రోజంతా బయటికి రాలేదు. మామ గుంట అంచున కూర్చుని పిలిచీ పిలిచీ ఊరుకున్నాడు. ఆ కొట్టడం వల్ల అది నేర్చుకున్నది ఒకటే, అత్త చూడని చోట పోవడం. దాంతో వాసన ఉండేది, పెంట కనబడేది కాదు. అది మరీ కష్టం.

మా ఆయన చెడ్డవాడు కాదు. నూలు మీద బతికేవాడు. ఒక చిలప పాడైతే దాని వెనక ఎంత పని పాడవుతుందో ఆయనకు తెలుసు. ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని తండ్రితో మెల్లగానే చెప్పాడు.

"బాపూ, దీన్ని ఇంట్ల పెట్టుకునుడు నాతోని కాదు. ఇంకొక్కపారి నూలు ఖరాబైతే నెక్కొండ టేషన్ అవుతల తుప్పలల్ల ఇడిసిపెట్టి వస్త. నువ్వు ఫికర్ వెట్టుకోకు, అది బతుకుతది. అడివి జీవమే గద."

మామ తింటున్న ముద్ద పళ్లెంలోకి దించి చేయి కడుక్కున్నాడు.

మరునాడు వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లడానికి నేను అందరికంటే ముందు లేచాను. మసక వెలుతురులో నేల మీద ఏదో కదిలింది. చూస్తే మామ. మోకాళ్ల మీద, ఒక చేత్తో తడిగుడ్డ పట్టుకుని, రెండో చేత్తో నేలంతా తడుముతూ మంచాల మధ్య పాకుతున్నాడు.

"ఎవరు?" అన్నాడు.

"నేనే మామా."

"మీ అత్త లేసిందా?"

"లేదు."

"అయితే ఆ గంపల ఎనుక జర జూడు బిడ్డా. వాసన వస్తాంది గని చెయ్యికి దొరుకుతలేదు."

నేను ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకుని గంపల వెనక తుడిచాను. ఎన్ని రోజులుగా ఆయన అట్లా తెల్లవారకముందే నేలంతా వెతికి తుడుస్తున్నాడో నేను అడగలేదు. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోస్తుంటే ఆయనే అన్నాడు:

"వాన్ని ఇడిసిపెట్టి రావద్దని నేనెట్ల అంటనే? నేనే ఒకల మీద పడి తింటాన."

దీనికి ఒక చోటు నేర్పాలి, వేరే దారి లేదు అని నేను ఆ పొద్దున అనుకున్నాను. ఎట్లా నేర్పాలో మాత్రం తెలియదు. మా పుట్టింట్లో కుక్కలూ పిల్లులూ బయటే ఉండేవి, వాటి సంగతి అవే చూసుకునేవి.

ఒక పాత సత్తు తాంబాళం తీశాను. దాంట్లో ఏం వేయాలి? మెత్తగా ఉండాలి, తడి పీల్చాలి, పారేయడానికి సులువుగా ఉండాలి. నేతగాళ్ల ఇంట్లో అట్లాంటి పనికి ఆలోచించే పనే లేదు. చిక్కుపడ్డ నూలు ఉంటుంది. దీపం తుడవాలన్నా అదే, గాయానికి అదే, దిండులో నింపడానికి అదే. అత్త కూడా "గంతే, గది మంచిది" అంది. తాంబాళం నిండా చిక్కు నూలు నింపి స్తంభం వెనక మూలలో పెట్టాం. అది నిద్రలేవగానే తీసుకుపోయి అందులో దించేదాన్ని. తిన్న తరవాత మళ్లీ దించేదాన్ని. పని కానిస్తే ఒక గుడ్డు ముక్క పెట్టేదాన్ని. కొద్ది రోజులకే అది తనంతట తాను పోయి, కాళ్లతో ఆ నూలును గీకి, తిరిగి, తోక గోడకు ఆనించి కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇల్లంతా సంబరం. అత్త పక్కింటావిడతో గొప్పలు చెప్పింది. "మా ముంగికి ఉన్న బుద్ధి మీ మనుమనికి లేదు." మా ఆయన కూడా దాన్ని దాటిపోయేటప్పుడు కాలితో దాని కడుపు మీద మెల్లగా రాయడం నేను చూశాను.

అప్పుడే పెద్ద పని వచ్చింది. డోర్నకల్ దిక్కు ఒక ఊరి చర్చిలో జనం కూర్చోవడానికి పొడుగు జంపఖానా కావాలని అడిగారు. ఎరుపు, తెలుపు పట్టీలు. తెల్ల పట్టీ మల్లెపువ్వులా ఉండాలన్నారు. మంచి నూలు తెప్పించి, ఉతికి, ఎండబెట్టి, తెల్ల చిలపలన్నీ ఒక పెద్ద గంపలో సర్ది గోడ పక్కన పెట్టాం.

మధ్యాహ్నం మేం అన్నాలు తిని లేచేసరికి ముంగి ఆ గంపలో ఉంది. దొంగతనంగా ఏమీ కాదు. మేం నేర్పినట్టే, కాళ్లతో చిలపలను గీకి, చుట్టూ తిరిగి, గంప మూలకు తోక ఆనించి, మావైపు చూస్తూ పని కానిచ్చింది. అయిపోయాక గుడ్డు ముక్క కోసం నా దగ్గరికి వచ్చింది.

మా ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. మూత ఉన్న గంప తెచ్చి, దాన్ని అందులో వేసి, మూత మీద తాడు కట్టి, టేషన్‌కు పోయి నెక్కొండ రైలు అందుకోవాలని సైకిల్ వెనక పెట్టాడు. లోపల అది గీకుతోంది. మామ రాట్నం ముందు నుంచి లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. చెప్పులు కాలితో వెతుకుతున్నాడు.

"నువ్వేడికి బాపూ?" అన్నాడు మా ఆయన.

"టేషన్ దాక వస్త."

"నువ్వెందుకు?"

"దానికి తొవ్వ తెల్వది. మూతేసి కొంచవోతానవ్, భయపడ్తది. నా వాసన ఉంటె ఊకుంటది."

"ఇగ ఇద్దర్ని ఇడిసి రా కొడుకా," అంది అత్త లోపలి నుంచి. "నాకు వండే బాధ తప్పుతది." ఆ మాట అంటూనే బయటికి వచ్చి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడింది. పోనివ్వడానికి పట్టుకుందో ఆపడానికి పట్టుకుందో తెలియలేదు గాని చేయి మాత్రం తీయలేదు.

నేను ఒక చేతిలో ఆ పాడైన చిలప, ఇంకో చేతిలో తాంబాళం పట్టుకుని ఉన్నాను. రెండూ కడగడానికి తీసుకుపోతున్నాను. రెండు చేతుల్లోనూ ఒకటే ఉంది. నూలు.

అప్పటిదాకా మా ఆయన ఎదుట నేను గట్టిగా మాట్లాడింది లేదు. ఆ రోజు మాట్లాడాను.

"ఇగో, ఇటు సూడు. ఇది నూలు, ఇదీ నూలే. మనం దానికి నూలు మీద కూసోమని నేర్పినం. అది నూలు మీదనే కూసున్నది. చిక్కు నూలేదో మంచి నూలేదో దానికేం తెలుస్తది?"

మా ఆయన చిలప చూశాడు, తాంబాళం చూశాడు. మొఖంలో కోపం ఉండగానే నోటి చివర నవ్వు వచ్చింది. దాన్ని ఆపుకోవడానికి పక్కకు తిరిగాడు.

"థూ," అన్నాడు. "సాలోళ్ల అకల్ అంటె గిదే. ఏది జూసినా నూలే." తాడు విప్పాడు. "జంపఖానా మగ్గం దిగేదాక సూస్త. ఆలోపట మల్ల ఒక్క పోగు ఖరాబైందా, నేను ఎవ్వల మాట ఇన."

పాడైన చిలపలను అత్త కుంకుడుకాయతో ఉతికి ఎర్ర రంగులో ముంచింది. చర్చివాళ్లు కూర్చున్న ఎర్ర పట్టీల్లో ఏది మా ముంగి ఆశీర్వదించిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఈసారి ఇసుక. వాడకట్టులో ఎవరో ఇల్లు కడుతుంటే అడిగి గంపెడు తెచ్చాను. వెడల్పాటి మట్టి మూకుడులో పోసి అదే మూలలో పెట్టాను. చాలా ఏళ్ల తరవాత, ముసలితనంలో, నేను అక్షరాలు దిద్దుకున్నది కూడా ఇసుకలోనే. మా మనుమరాలు పళ్లెంలో ఇసుక పోసి నా వేలు పట్టుకుని దిద్దిస్తుంటే, అత్త బతికి ఉంటే ఏమనేదో ఊహించుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

కాని ముంగికి ఇసుక నచ్చలేదు. దించితే దాంట్లో ఆడుకునేది, ఇల్లంతా చల్లేది, తరవాత బయటికి వచ్చి మూకుడు పక్కనే నూలు కోసం వెతికేది. నేర్పినదాన్ని మాన్పించడం కొత్తది నేర్పడం కంటే కష్టమని నాకు అప్పుడు తెలిసింది. నూలంతా దూలాల మీదికి ఎక్కించాం. మిగిలిన మూలలన్నింట్లో ఏదో ఒకటి అడ్డం పెట్టాను. ఒకచోట కుండ, ఒకచోట రోకలి. ఒకచోట దాని పాలగిన్నే పెట్టాను, తినేచోట అది పెంట వేయదని గమనించి. ఇసుకలో దాని పెంటే కొంచెం ఉంచేదాన్ని, వాసన పట్టి అక్కడికే రావాలని. అత్త ముక్కు మూసుకునేది.

"లోకంల అందరు పెంట ఎత్తిపోస్తరు. మా కోడలు దాసిపెడ్తది."

అది కాళ్ల కింద పడుతోందని అత్తే తన పాత కాళ్ల పట్టీల్లోంచి ఒక గజ్జె తీసి దాని మెడకు కట్టింది. అత్త కట్టింది తాను తట్టుకుని పడకూడదని. దాని వల్ల లాభపడింది మామ.

కొన్ని రోజులకు మామ ఒక సంగతి పట్టుకున్నాడు. అది ఊరికే తిరుగుతున్నప్పుడు గజ్జె ఆగకుండా మోగుతుంది. ఎలుక కోసం పొంచినప్పుడు అసలు మోగదు. పెంట కోసం చోటు వెతికేటప్పుడు మాత్రం వెనక్కి అడుగులు వేస్తుంది కాబట్టి గజ్జె కొంచెం కొంచెంగా, ఆగి ఆగి మోగుతుంది. తరవాత ఆగిపోతుంది. కళ్లున్న మేం ముగ్గురం అది పాడుచేశాక చూసేవాళ్లం. మామ చేయకముందే వినేవాడు.

"ఎనుకకు నడుస్తాండు! రుబ్బురోలు కాడ! తీస్కపో బిడ్డా, తీస్కపో!"

నేను చేతిలో ఏ పని ఉన్నా వదిలి పరుగెత్తేదాన్ని. ఎత్తి ఇసుకలో దించేదాన్ని. అది పని కానిస్తే మామ ఉడికిన గుడ్డులోని పచ్చసొన చిటికెడు తీసి, చేయి నేలకు దించి పెట్టేవాడు. అది ఆయన వేళ్లు నాకేది. కొట్టేది లేదు, తిట్టేది లేదు. అత్తను కూడా తిట్టనివ్వలేదు మామ. "తిట్టకే. తిడితె దాసుకుంటడు. దాసుకుంటె నేను ఇనలేను."

ఆ అరుపులు వాడంతటికీ అలవాటయ్యాయి. పక్కింటాయన గోడ అవతల మగ్గం మీది నుంచి అడిగేవాడు.

"ఏమాయె పెద్దాయినా? పోయిండా?"

"పోయిండు, పోయిండు!" అనేవాడు మామ, గెలిచినవాడి గొంతుతో.

మగ్గం మీద జంపఖానా పెరుగుతోంది. ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ. నేను పొద్దున లేవగానే ముందు మూకుడు చూసేదాన్ని, తరవాత జంపఖానా ఎంత మిగిలిందో చూసేదాన్ని. నాకు అది అయిపోవాలనీ ఉండేది, అయిపోవద్దనీ ఉండేది. మామ నేలను వెతకడం మానేశాడు. ఎలుకలూ తగ్గాయి. నేను రోజూ ముంగిని ఎత్తుకుని పరుగెత్తడం పోయి, మామ అరవకముందే అది తానే మూకుడులోకి పోయే రోజులు వచ్చాయి. అయినా మామ వింటూనే ఉండేవాడు.

జంపఖానా మగ్గం దిగిన రోజు చర్చి నుంచి ఇద్దరు పెద్దమనుషులు బండి దిగి ఇంటికి వచ్చారు. ఒకాయన తెల్లగడ్డంతో ఉన్నాడు, సంఘపెద్ద. మొత్తం పొడుగు చూస్తానన్నాడు. అంత పొడుగు పరచాలంటే మగ్గం పక్క నుంచి వెనక గోడ దాకా, ఇటు అరుగు దాకా కావాలి. మా ఆయన హడావిడిగా మంచాలు లేపాడు, గంపలు తీశాడు, మూలనున్న మూకుడు తీసి పెరట్లో పెట్టాడు. జంపఖానా పరిచారు. గది నేల కనబడకుండా ఎర్రగా, తెల్లగా నిండిపోయింది. దాని ఒక అంచు సరిగ్గా స్తంభం వెనక మూల మీదికి వచ్చింది. నేను అప్పుడు వంటింట్లో చాయ్ పెడుతున్నాను.

సంఘపెద్ద చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో నేత చూస్తున్నాడు. అప్పుడు మామ గొంతు వినబడింది.

"కొడుకు జంపఖానా మీద ఉన్నడు."

గజ్జె చప్పుడు గచ్చు మీద ఒక రకంగా, బట్ట మీద ఒక రకంగా ఉంటుందట. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ముంగి ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ దాటుకుంటూ తన మూలకు పోతోంది. మూకుడు లేదు. అది ఒకసారి వాసన చూసింది. తిరిగింది. గజ్జె ఆగి ఆగి మోగడం మొదలైంది.

"ఎనుకకు నడుస్తాండు," అన్నాడు మామ. ఈసారి అరవలేదు.

మా ఆయన ఒక అడుగు ముందుకేశాడు. మామకు ఆ అడుగు వినబడింది. "కదలకు! ఎవ్వరు కదలకున్రి. అదిరిపడ్డదంటె అక్కడనే అయితది."

ఎవరూ కదల్లేదు. సంఘపెద్ద కూడా చేయి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. గజ్జె ఆగిపోయింది. ముంగి ముందుకాళ్లతో జంపఖానాను గీకింది. ఇసుక లేదు. మళ్లీ గీకింది. తల ఎత్తి చుట్టూ చూసింది. తరవాత ఆ అంత పొడుగు జంపఖానా దాటుకుంటూ గజ్జె మోగించుకుంటూ పరుగెత్తి వచ్చి, మామ ధోవతి అంచు పళ్లతో పట్టుకుని లాగింది.

"మూకుడు ఏదే?" అన్నాడు మామ. "బిడ్డా, మూకుడు ఎవలు తీసిన్రే?"

నేను పెరట్లోకి ఉరికాను. మూకుడు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టబోయాను. అది నేలకు ఆనకముందే ముంగి దాంట్లోకి దూకింది. ఇసుక గీకిన చప్పుడు ఇంట్లో అందరికీ వినిపించింది.

"పోయిండు," అన్నాడు మామ. కళ్లు తుడుచుకున్నాడు. "పోయిండు, పోయిండు."

సంఘపెద్ద ముందు నవ్వాడు. గడ్డం ఊగేట్టు నవ్వాడు. "మా చర్చిల ప్రార్థనకు కూసునె పిల్లలకంటె గిదే నయం ఉన్నదయ్యా. దీన్ని గూడ కట్టియ్యున్రి, కొంచవోతం."

"అది అమ్మేది కాదు," అన్నాడు మా ఆయన.

ఆ సాయంత్రం ఆయన సైకిల్ మీద ఒక సంచి ఇసుక తెచ్చి పెరట్లో గోడ వారగా పోశాడు.

ముంగి మా ఇంట్లో చాలా ఏళ్లే ఉంది. ఒక వానాకాలం గోడ అవతల ఇంకో ముంగిస తిరిగింది. ఇది రెండు మూడు రోజులు పోతూ వస్తూ ఉండి, తరవాత రాలేదు. అంతకు కొన్నాళ్ల ముందే గజ్జె తాడు తెగితే అత్త దాన్ని తీసి దేవుని అరలో పెట్టింది. మామ కొన్నాళ్లు మూకుడులో ఇసుక మార్చమన్నాడు. మార్చాను. తరవాత ఆయనే మార్చమనడం మానేశాడు.

వయసు ఎనభై దాటేసరికి మామకు వెలుతురు కూడా తెలియకుండా పోయింది. కాళ్లు కూడా పట్టు తప్పాయి. పాయఖానా పెరటి చివర ఉండేది. ఎవరైనా చేయి పట్టుకుని తీసుకుపోవాలి. మేం పనిలో ఉంటే పిలవడానికి మొహమాటపడి, తానే లేచేవాడు. గోడ తప్పి రెండుసార్లు మధ్యలోనే అయిపోయింది. ఆ తరవాత ఆయన తిండి తగ్గించాడు. నీళ్లు అడగడం మానేశాడు. "ఆకలైతలేదు బిడ్డా" అనేవాడు. పెదాలు ఎండి పగిలాయి. అత్త ఏమైందోనని దవాఖానకు పోదామంది. నాకు మాత్రం ఆ తెల్లవారుజామున నేల తడుముతున్న చేయి గుర్తొచ్చింది.

మా ఆయనకు చెప్పాను. ఆయన మగ్గానికి వాడే గట్టి తాడు తీశాడు. మామ మంచం కోడు నుంచి గుమ్మం మీదుగా, మగ్గం పక్కగా, పెరట్లోకి, పాయఖానా తలుపు దాకా నడుము ఎత్తున కట్టాం. మలుపు వచ్చిన చోటల్లా ఒక ముడి వేశాడు. వేళ్లకు తెలియాలని. చివర, తలుపు దగ్గర, అత్త దేవుని అరలోంచి గజ్జె తెచ్చి కట్టింది.

"ఇదెందుకే?" అన్నాడు మామ, తాడు చేత్తో తడుముతూ.

"నువ్వు చేరినవా, మధ్యల కూసున్నవా మాకు తెల్వద్దా?" అంది అత్త.

ఆ రోజు మేం ఎవరం ఆయన వెంట పోలేదు. పనుల్లో ఉన్నట్టు నటించాం. మగ్గం ఆగింది. ఆయన తాడు పట్టుకుని, ముడి దగ్గర ఆగి, వేళ్లతో చూసుకుని, మళ్లీ నడిచాడు. చాలాసేపటికి పెరటి చివర గజ్జె మోగింది.

"పోయిండు, పోయిండు!" అంది అత్త వంటింట్లోంచి, గట్టిగా. గోడ అవతలి మగ్గం కూడా ఆగి, అక్కడి నుంచి ఎవరో నవ్వారు.

తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, చేతులు తుడుచుకుని, ఆయన నావైపు మొహం తిప్పాడు. ఎన్నో రోజుల తరవాత ఆ మొహంలో నవ్వు.

"మరి నా గుడ్డు ముక్కేది బిడ్డా?"

పొయ్యి మీద నీళ్లు పెట్టి గుడ్డు ఉడకబెట్టాను. వలిచి చేతిలో పెట్టాను. ఆయన రెండుగా విరిచి, పచ్చసొన చిటికెడు తీసి, అలవాటుగా చేయి నేలకు దించాడు. కొంచెంసేపు అట్లాగే ఉంచాడు. తరవాత చేయి పైకి తీసుకుని తానే తిని, మంచినీళ్లు అడిగాడు.